మైఎస్‌క్యూఎల్ లేవకపోతే పర్జ్ కొట్టకముందే చూడాల్సినవి

ఆదోని పత్తి కమీషన్ షాపులు, కర్నూలు మందుల ఏజెన్సీలు, అనంతపురం కాలేజీ ల్యాబులు, ప్రొద్దుటూరు బట్టల దుకాణాలు. వీటిలో చాలాచోట్ల సర్వర్ అంటే ఒక పాత డెస్క్‌టాప్. అందులో ఉబుంటు లినక్స్, దాని మీద మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, ఆ పైన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. పక్కన యూపీఎస్ ఉంటుంది గానీ బ్యాటరీ రెండు నిమిషాలు కూడా ఆగదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కరెంటు పోతుంది. ఆ సమయానికి వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తుంటే, కరెంటు వచ్చాక షాపు నుంచి ఫోన్ వస్తుంది: "అన్నా, బిల్లు కొట్టడానికి రావట్లేదు, పొద్దున దాకా బాగానే ఉన్నింది." స్క్రీన్ మీద ఉండేది ఇదీ:

డీపీకేజీ: ఎర్రర్ ప్రాసెసింగ్ ప్యాకేజ్ మైఎస్‌క్యూఎల్-సర్వర్-8.0 (--కాన్ఫిగర్): పోస్ట్-ఇన్‌స్టలేషన్ స్క్రిప్ట్ సబ్‌ప్రాసెస్ రిటర్న్‌డ్ ఎర్రర్ ఎగ్జిట్ స్టేటస్ 1

దీన్ని చూడగానే ఎవరికైనా ముందు తట్టేది "మొత్తం పీకేసి మళ్ళీ వేద్దాం" అని. నెట్‌లో వెతికినా ఎక్కువమంది చెప్పేది అదే: పర్జ్ చేయండి (అంటే ప్యాకేజీని సెట్టింగులతో సహా తీసేయడం), ఫోల్డర్లు డిలీట్ చేయండి, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి. షాపు లెక్కలు గల్లంతయ్యేది ఈ సలహాతోనే. ప్రోగ్రామ్ పోతే పది నిమిషాల్లో మళ్ళీ దిగుతుంది. /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్ పోతే ఎక్కడి నుంచీ దిగదు. కింద రాసిన ప్రతి మెట్టూ ఆ ఫోల్డర్‌ను కాపాడుకుంటూ వేసేదే.

కమాండ్లను ఇక్కడ ఫోన్‌లో చదివి చెప్పే తీరులో తెలుగు అక్షరాల్లో రాశాను. టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టాలి. హైఫన్లు, గీతలు, చుక్కలు మాత్రం ఇక్కడ ఎలా ఉన్నాయో అలాగే పెట్టాలి.

ఆ ఎర్రర్ లైను అసలు ఏం చెబుతోంది

డెబియన్, ఉబుంటుల్లో ఏ ప్యాకేజీ అయినా రెండు దశల్లో ఎక్కుతుంది. మొదట ఫైళ్లు విప్పి వాటి చోట పెడుతుంది. తర్వాత కాన్ఫిగర్ దశలో పోస్ట్-ఇన్‌స్టలేషన్ స్క్రిప్ట్ నడుస్తుంది. మైఎస్‌క్యూఎల్ విషయంలో ఆ స్క్రిప్ట్ డేటా ఫోల్డర్ ఖాళీగా ఉంటే కొత్తది తయారుచేస్తుంది, సర్వర్‌ను లేపుతుంది, లేచిందో లేదో చూస్తుంది. సర్వర్ లేవకపోతే 1 అని చెప్పి ఆగిపోతుంది. ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రామ్ డీపీకేజీ ఆ ప్యాకేజీని సగం కాన్ఫిగర్ అయినట్టు రాసుకుంటుంది.

అంటే చాలాసార్లు ప్యాకేజీలో తప్పేమీ ఉండదు. సర్వర్ లేవడం లేదు, ఆ సంగతి ప్యాకేజీ ఎర్రర్ రూపంలో బయటికి వస్తోంది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా అదే కారణం అక్కడే ఉంటుంది కాబట్టి అదే ఎర్రర్ వస్తుంది.

ఆ లైను కిందే "డిపెండెన్సీ ప్రాబ్లమ్స్ - లీవింగ్ అన్‌కాన్ఫిగర్డ్" అని మైఎస్‌క్యూఎల్-సర్వర్ పేరుతో ఇంకొకటి వస్తుంది. అది మొదటిదాని వెంట వచ్చిన తోక, దాన్ని వదిలేయండి. ఇంకో సంగతి, ఈ సగం పని తేలేదాకా ఆప్ట్‌తో ఏది ఇన్‌స్టాల్ చేసినా చివర్లో ఇదే ఎర్రర్ కనిపిస్తుంది. ప్రింటర్ డ్రైవర్ వేసినందుకు డేటాబేస్ చెడిందని షాపులో అనుకునేది అందుకే.

పరిస్థితి చూడడానికి:

డీపీకేజీ -ఎల్ | గ్రెప్ -ఈ మైఎస్‌క్యూఎల్ -ఈ మరియాడీబీ

ప్రతి లైను మొదట్లో రెండు అక్షరాలు ఉంటాయి. 'ఐఐ' అంటే పూర్తిగా ఎక్కింది. 'ఐయూ' అంటే విప్పింది, కాన్ఫిగర్ మొదలు కాలేదు. 'ఐఎఫ్' అంటే కాన్ఫిగర్ మధ్యలో ఆగింది. 'ఆర్‌సీ' అంటే తీసేశారు, కాన్ఫిగ్ ఫైళ్లు మిగిలాయి. మైఎస్‌క్యూఎల్ సర్వర్, మరియాడీబీ (మైఎస్‌క్యూఎల్ నుంచి విడిపోయిన ఇంకో డేటాబేస్) సర్వర్ రెండూ ఈ జాబితాలో ఏ రూపంలో కనిపించినా అక్కడ ఆగి, కింద వాటి గురించి రాసిన భాగం ముందు చదవండి.

ముందు కాపీ

ఏమీ ముట్టుకోకముందే సర్వర్‌ను ఆపాలి.

సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ మైఎస్‌క్యూఎల్
పీగ్రెప్ -ఎ మైఎస్‌క్యూఎల్‌డీ

రెండో కమాండ్‌కు జవాబు ఏమీ రాకూడదు. వచ్చిందంటే ఇంకా ఏదో నడుస్తోంది. నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్ కాపీ చేస్తే ఒక ఫైలు పది గంటలది, ఇంకోటి పది దాటి ఐదు నిమిషాలది అవుతుంది. ఆ కాపీని నమ్మడానికి లేదు.

సుడో డీయూ -ఎస్‌హెచ్ /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్
సుడో టార్ -సీపీజెడ్‌ఎఫ్ /మీడియా/డిస్క్/డేటా.టార్.జీజెడ్ /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్ /ఈటీసీ/మైఎస్‌క్యూఎల్

టార్‌గానే చేయమనడానికి కారణముంది. షాపుల్లో దొరికే పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటాయి. వాటి మీదికి ఫోల్డర్‌ను నేరుగా కాపీ చేస్తే ఫైళ్ల ఓనరు, పర్మిషన్లు పోతాయి. టార్‌లో అవి లోపలే ఉంటాయి. ఫ్యాట్32 అయితే ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు, కాబట్టి సైజు ముందే చూసుకోవాలి. దాటేట్టుంటే ఎక్స్‌టీ4 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఉన్న డిస్కు వాడండి.

షాపు డేటాబేస్ పేరున్న ఫోల్డర్ ఒక్కటి కాపీ చేసుకుని "డేటా తీసిపెట్టుకున్నాం" అనుకునేవాళ్లు చాలామంది. ఇన్నోడీబీకి (మైఎస్‌క్యూఎల్ టేబుళ్లను దాచే ఇంజిన్) అది చాలదు. ఐబీడేటా1, మైఎస్‌క్యూఎల్.ఐబీడీ, అన్‌డూ ఫైళ్లు, రీడూ లాగ్‌లు (8.0.30 నుంచి ఇవి #ఇన్నోడీబీ_రీడూ అనే ఫోల్డర్‌లో ఉంటాయి) అన్నీ కలిస్తేనే ఆ టేబుళ్లకు అర్థం. ఫోల్డర్ మొత్తం తీయాలి, ఒక్క ఫైలు కూడా ఏరి వదలకూడదు.

ఇక మామూలు ప్రయత్నం

కాపీ చేతిలో ఉన్నాక ఈ వరసలో కొట్టండి:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ
సుడో ఆప్ట్-గెట్ -ఎఫ్ ఇన్‌స్టాల్

కరెంటు పోయి అప్‌డేట్ మధ్యలో ఆగిన కేసులు కొన్ని ఈ రెంటితోనే తేలిపోతాయి. "కుడ్ నాట్ గెట్ లాక్" అని వస్తే ఆ లైనులోనే లాక్ పట్టుకున్న ప్రాసెస్ పేరు ఉంటుంది. సాధారణంగా అది అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్. దాని పని అయ్యేదాకా ఆగాలి. లాక్ ఫైలు డిలీట్ చేస్తే రెండు ప్రాసెస్‌లు ఒకే లెక్కల పుస్తకంలో ఒకేసారి రాసినట్టవుతుంది, ఆ తర్వాత చెడేది మైఎస్‌క్యూఎల్ ఒక్కటే కాదు.

కరెంటు దెబ్బకు డీపీకేజీ సొంత ఫైలు /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్ చెడిపోవడం కూడా ఉంది. అప్పుడు ఎర్రర్‌లో "పార్సింగ్ ఫైల్" అని ఆ ఫైలు పేరే వస్తుంది. దానికి పాత నకలు పక్కనే స్టేటస్-ఓల్డ్ పేరుతోనూ, /వార్/బ్యాకప్స్‌లో డీపీకేజీ.స్టేటస్.0 పేరుతోనూ ఉంటాయి. చెడినదాన్ని వేరే పేరుకు మార్చి, నకలును దాని చోట పెట్టి మళ్ళీ --కాన్ఫిగర్ -ఎ కొట్టండి.

అప్పటికీ అదే ఎర్రర్ వస్తే అవే కమాండ్లను తిప్పి తిప్పి కొట్టడంలో అర్థం లేదు. లాగ్ చదవాలి.

సుడో టెయిల్ -ఎన్ 80 /వార్/లాగ్/మైఎస్‌క్యూఎల్/ఎర్రర్.లాగ్

అది ఖాళీగా ఉంటే:

సుడో జర్నల్‌సీటీఎల్ -యూ మైఎస్‌క్యూఎల్ -బీ --నో-పేజర్

లాగ్‌లో చివరి లైను "అబార్టింగ్" అనో "షట్‌డౌన్ కంప్లీట్" అనో ఉంటుంది. దానివల్ల ఏమీ తెలియదు. చివరిసారి స్టార్ట్ అయిన చోటి నుంచి కిందికి చదువుకుంటూ వచ్చి, ఎర్రర్ అని బ్రాకెట్లో ఉన్న మొట్టమొదటి లైను దగ్గర ఆగండి. జబ్బు పేరు అక్కడే ఉంటుంది. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ చూపించే పది లైన్లలో చాలాసార్లు అది కనిపించదు. ఇక ఆ లైనును బట్టి.

డిస్కు నిండడం

"నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్", లేదా ఎర్రర్ నంబరు 28. డీఎఫ్ -హెచ్ చూడండి, దాంతో పాటు డీఎఫ్ -ఐ కూడా చూడండి. చోటు ఉన్నా ఐనోడ్లు (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున ఉండే నమోదులు) అయిపోతే ఇదే ఎర్రర్.

మైఎస్‌క్యూఎల్ 8.0 వెర్షన్ నుంచి బైనరీ లాగ్ (డేటాలో జరిగిన మార్పులన్నీ రాసుకునే చిట్టా) తనంతట తానే ఆన్‌లో ఉంటుంది. 25,92,000 సెకన్లు, అంటే 30 రోజుల లాగ్‌లు అట్టిపెట్టుకుంటుంది. 5.7 ఉన్నప్పుడు సరిపోయిన చిన్న డిస్కు 8.0కి మారిన కొన్నాళ్లకు నిండిపోవడానికి ఇదొక పెద్ద కారణం. అప్పుడు బిన్‌లాగ్ ఫైళ్లను ఆర్ఎం కొట్టి చోటు చేద్దామనిపిస్తుంది. కొట్టకండి. ఆ ఫైళ్ల జాబితా బిన్‌లాగ్.ఇండెక్స్‌లో ఉంటుంది. జాబితాలో ఉన్న ఫైలు డిస్కు మీద లేకపోతే సర్వర్ అసలు లేవనని మొండికేస్తుంది. ఇప్పటికే కొట్టి ఉంటే బిన్‌లాగ్.ఇండెక్స్ తెరిచి, లేని ఫైళ్ల లైన్లు మాత్రం తీసేయండి.

సరైన దారి ఇది. ముందు వేరేచోట కాస్త జాగా చేయండి:

సుడో ఆప్ట్-గెట్ క్లీన్
సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎం

పాత కెర్నల్స్ ఉంటే ఆటోరిమూవ్. సర్వర్ లేచాక లోపలి నుంచి "పర్జ్ బైనరీ లాగ్స్ బిఫోర్" అని తేదీ ఇచ్చి పాత లాగ్‌లు తీయండి. కాన్ఫిగ్‌లో బిన్‌లాగ్_ఎక్స్‌పైర్_లాగ్స్_సెకండ్స్ విలువ 604800 పెడితే ఏడు రోజులవి మాత్రం ఉంటాయి. రెప్లికా (నకలు సర్వర్) లేని షాపు సర్వర్‌కు బైనరీ లాగ్ పూర్తిగా ఆపేయమని కొందరంటారు. నేనైతే ఆపను. పొద్దున ఎవరో పొరపాటున డిలీట్ చేసిన బిల్లులను నిన్నటి డంప్ (డేటా మొత్తం ఒక ఫైలుగా తీసిన నకలు) మీద కలిపి తిరిగి తెచ్చుకోవడానికి ఉన్న ఒకే ఆధారం అదే.

పాత కాన్ఫిగ్ లైన్లు

ఉబుంటు 18.04లో 5.7 ఉండేది, 20.04 నుంచి 24.04 దాకా 8.0. ఆ మార్పులో ఎక్కువగా తగిలే ఎర్రర్ "అన్‌నోన్ వేరియబుల్". క్వెరీ_క్యాష్_సైజ్, క్వెరీ_క్యాష్_టైప్, ఇన్నోడీబీ_ఫైల్_ఫార్మాట్, ఇన్నోడీబీ_లార్జ్_ప్రిఫిక్స్, లాగ్_వార్నింగ్స్ 8.0లో లేవు. ఎస్‌క్యూఎల్_మోడ్ లైనులో నో_ఆటో_క్రియేట్_యూజర్ ఉన్నా సర్వర్ లేవదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎప్పుడో పెట్టిపోయిన లైన్లు ఇవి.

ఒక్కొక్కటి తీసి స్టార్ట్ చేసి చూడడం కన్నా ఇది కొట్టండి:

సుడో మైఎస్‌క్యూఎల్‌డీ --వాలిడేట్-కాన్ఫిగ్

8.0.16 నుంచి ఉంది. కాన్ఫిగ్ బాగుంటే ఏమీ మాట్లాడదు, లేకపోతే ఏ లైను తప్పో చెబుతుంది. డేటాను ముట్టుకోదు.

కాన్ఫిగ్ ఫైలుకు 777 పర్మిషన్ ఇచ్చి ఉంటే ఇంకో చిక్కు. "వరల్డ్-రైటబుల్ కాన్ఫిగ్ ఫైల్ ఈజ్ ఇగ్నోర్డ్" అని హెచ్చరించి మైఎస్‌క్యూఎల్ ఆ ఫైలునే పక్కన పెడుతుంది. మీరు లోపల ఏం మార్చినా పని చేయనట్టుంటుంది. 644 చేయండి.

ఈటీసీ ఫోల్డర్ చేత్తో డిలీట్ చేసినప్పుడు

ఇది మనుషులు చేసుకునే రిపేరు. "క్లీన్‌గా వేద్దాం" అని /ఈటీసీ/మైఎస్‌క్యూఎల్‌ను ఆర్ఎం -ఆర్‌ఎఫ్ చేస్తారు, మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు. అప్పుడు "అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్: ఎర్రర్: ఆల్టర్నేటివ్ పాత్ /ఈటీసీ/మైఎస్‌క్యూఎల్/మైఎస్‌క్యూఎల్.సీఎన్ఎఫ్ డజన్ట్ ఎగ్జిస్ట్" అని వస్తుంది. ఎన్నిసార్లు రీఇన్‌స్టాల్ చేసినా ఆ ఫైలు రాదు.

ఎందుకు రాదంటే, కాన్ఫిగ్ ఫైలును మీరు డిలీట్ చేస్తే అది కావాలని చేసిన పని అని డీపీకేజీ లెక్క. మీ నిర్ణయాన్ని గౌరవించి ఆ ఫైలు మళ్ళీ పెట్టదు. పెట్టమని విడిగా చెప్పాలి:

సుడో ఆప్ట్-గెట్ -ఓ డీపీకేజీ::ఆప్షన్స్::="--ఫోర్స్-కాన్ఫ్‌మిస్" ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ మైఎస్‌క్యూఎల్-కామన్ మైఎస్‌క్యూఎల్-సర్వర్-8.0

కామన్, సర్వర్ రెండు పేర్లూ ఇవ్వాలి. ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లు ఒకే ప్యాకేజీవి కావు. ఏ ఫైలు ఎవరిదో తెలుసుకోవాలంటే డీపీకేజీ -ఎస్ తర్వాత ఆ పాత్ ఇవ్వండి. ఇక్కడ ఎస్ పెద్దక్షరం.

పర్మిషన్లు, ఆప్‌ఆర్మర్

ఎర్రర్ నంబరు 13 అంటే పర్మిషన్ డినైడ్. డేటా ఫోల్డర్‌ను రూట్‌గా కాపీ చేసి తిరిగి పెట్టినప్పుడు ఓనరు మారిపోతుంది:

సుడో చౌన్ -ఆర్ మైఎస్‌క్యూఎల్:మైఎస్‌క్యూఎల్ /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్

ఓనరు సరిగ్గా ఉండి, పర్మిషన్లు సరిగ్గా ఉండి, అయినా 13 వస్తుంటే డేటా ఫోల్డర్ వేరే డిస్కుకు మారిందేమో చూడండి. ఉబుంటులో ఆప్‌ఆర్మర్ మైఎస్‌క్యూఎల్‌కు ఏయే ఫోల్డర్లు తెరిచే హక్కుందో రాసిపెట్టుకుంటుంది. /డేటా/మైఎస్‌క్యూఎల్ ఆ జాబితాలో ఉండదు. జర్నల్‌సీటీఎల్ -కే లో ఆప్‌ఆర్మర్ పేరు, డినైడ్ అనే మాట కనిపిస్తే ఇదే. /ఈటీసీ/ఆప్‌ఆర్మర్.డీ/లోకల్/యూఎస్ఆర్.ఎస్‌బిన్.మైఎస్‌క్యూఎల్‌డీ ఫైలులో రెండు లైన్లు కలపాలి:

/డేటా/మైఎస్‌క్యూఎల్/ ఆర్,
/డేటా/మైఎస్‌క్యూఎల్/** ఆర్‌డబ్ల్యూకే,

చివరి కామాలు మర్చిపోకూడదు. తర్వాత సుడో సిస్టమ్‌సీటీఎల్ రీలోడ్ ఆప్‌ఆర్మర్. ఆప్‌ఆర్మర్‌నే ఆపేయమని చెప్పేవాళ్ల మాట వినకండి, రెండు లైన్లతో పోయేదానికి మొత్తం కాపలా తీసేయడం ఎందుకు? మరియాడీబీ అయితే ఇంకొకటి ఉంది. దాని సర్వీస్ ఫైలులో ప్రొటెక్ట్‌హోమ్ ఆన్‌లో ఉంటుంది కాబట్టి డేటాను /హోమ్ కింద పెడితే లేవదు. వేరే చోట పెట్టుకోవడమే మేలు.

చిన్నవి కొన్ని

కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా తగిలేది పోర్టు తగాదా. ఎక్స్‌ఏఎంపీపీ తనతో పాటు సొంత డేటాబేస్ తెచ్చి 3306 మీద కూర్చుంటుంది. సుడో ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ కొట్టి 3306 ఎవరి చేతిలో ఉందో చూసి, ఒకదాన్ని ఆపండి.

1 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్లో లాగ్ ఏ ఎర్రరూ లేకుండా హఠాత్తుగా తెగిపోతే కెర్నల్ చంపేసిందన్నమాట. జర్నల్‌సీటీఎల్ -కే లో "అవుట్ ఆఫ్ మెమరీ" ఉంటుంది. 2 జీబీ స్వాప్ ఫైలు పెట్టి, ఇన్నోడీబీ_బఫర్_పూల్_సైజ్ ఎవరైనా పెంచి ఉంటే డిఫాల్ట్ 128 ఎంబీకి దించండి.

"స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ" అనేది జబ్బు కాదు. సర్వీసులను లేపే సిస్టమ్‌డీ విసిగి ఆపేసింది. అసలు కారణం సరిచేశాక సుడో సిస్టమ్‌సీటీఎల్ రీసెట్-ఫెయిల్డ్ మైఎస్‌క్యూఎల్ కొట్టి మళ్ళీ లేపండి.

"యాక్సెస్ డినైడ్ ఫర్ యూజర్ డెబియన్-సిస్-మెయింట్" అని వస్తే, పాత సర్వర్ డంప్ మొత్తం యూజర్లతో సహా ఎక్కించారని అర్థం. పాత పాస్‌వర్డ్ డేటాబేస్‌లోకి వచ్చింది, కొత్తది /ఈటీసీ/మైఎస్‌క్యూఎల్/డెబియన్.సీఎన్ఎఫ్‌లో ఉంది. సుడో మైఎస్‌క్యూఎల్ అని లోపలికి వెళ్లి, ఆల్టర్ యూజర్‌తో ఆ ఫైలులో ఉన్న పాస్‌వర్డే పెట్టేయండి. ప్యాకేజీ స్క్రిప్ట్‌లు, లాగ్ రొటేషన్ ఈ యూజర్ పేరుతోనే లోపలికి వెళ్తాయి, అందుకని దీన్ని డిలీట్ చేయకండి.

మరియాడీబీ, మైఎస్‌క్యూఎల్ కలగాపులగం

రెండూ ఒకే /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్ వాడతాయి, కానీ 8.0 రాసిన డేటాను మరియాడీబీ చదవలేదు. 8.0లో పాత ఎఫ్ఆర్ఎం ఫైళ్లు పోయి, టేబుళ్ల వివరమంతా మైఎస్‌క్యూఎల్.ఐబీడీలోకి వెళ్లింది. 8.0 డేటా మీద 5.7 కూడా నడవదు. వెనక్కి దిగే దారి లేదు, డంప్ తీసి ఎక్కించడం ఒక్కటే.

ఇలాంటి తేడా కనిపిస్తే ఉబుంటు ప్యాకేజీ రెండు పనుల్లో ఒకటి చేస్తుంది. ఒకటి, "మైఎస్‌క్యూఎల్ హ్యాజ్ బీన్ ఫ్రోజెన్" అని చెప్పి /ఈటీసీ/మైఎస్‌క్యూఎల్/ఫ్రోజెన్ అనే ఫైలు పెట్టి ఆగిపోతుంది. ఆ ఫైలులోనే కారణం రాసి ఉంటుంది, తెరిచి చదవండి. కారణం తీర్చాక ఆ ఫైలు తీసేసి సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ మైఎస్‌క్యూఎల్-సర్వర్-8.0 కొట్టాలి. కారణం తీర్చకుండా ఫైలు మాత్రం తీస్తే ఆ అడ్డు పెట్టిన ప్రయోజనమే పోతుంది.

రెండోది, పాత ఫోల్డర్ పేరును /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్-8.0 లాగా మార్చి పక్కన పెట్టి, ఖాళీ డేటాబేస్‌తో లేస్తుంది. షాపు వాళ్లకు సర్వర్ బాగానే లేచినట్టుంటుంది, బిల్లులు మాత్రం ఒక్కటీ కనిపించవు. "డేటా మొత్తం పోయిందన్నా" అని గుండె బాదుకుంటారు. కంగారు పడకముందు ఒక్కసారి ఎల్ఎస్ -ఎల్‌డీ /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్* కొట్టి చూడండి. డేటా ఆ పక్క ఫోల్డర్‌లో భద్రంగా ఉంటుంది.

విండోస్ నుంచి వచ్చిన బిల్లింగ్ డేటా

విండోస్‌లో టేబుల్ పేర్లకు పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు, లోవర్_కేస్_టేబుల్_నేమ్స్ అక్కడ 1. లినక్స్‌లో 0. అక్కడ నడిచిన సాఫ్ట్‌వేర్ ఇక్కడికి రాగానే "టేబుల్ డజన్ట్ ఎగ్జిస్ట్" అంటుంది. ఎవరో కాన్ఫిగ్‌లో 1 పెట్టి రీస్టార్ట్ చేస్తారు, ఇక సర్వర్ లేవదు: "డిఫరెంట్ లోవర్_కేస్_టేబుల్_నేమ్స్ సెట్టింగ్స్ ఫర్ సర్వర్ అండ్ డేటా డిక్షనరీ". 8.0లో ఈ విలువ డేటా ఫోల్డర్ పుట్టినప్పుడే ఖాయమవుతుంది, తర్వాత మార్చడానికి లేదు.

ముందు ఆ లైను తీసి సర్వర్ లేపి డంప్ తీసుకోండి. సర్వర్ ఆపి, డేటా ఫోల్డర్ పేరు మార్చి పక్కన పెట్టి, మైఎస్‌క్యూఎల్ యూజర్ ఓనర్‌గా ఖాళీ ఫోల్డర్ చేయండి. కాన్ఫిగ్‌లో 1 పెట్టి:

సుడో మైఎస్‌క్యూఎల్‌డీ --ఇనిషియలైజ్-ఇన్‌సెక్యూర్ --యూజర్=మైఎస్‌క్యూఎల్

సర్వర్ లేచాక రూట్‌కు పాస్‌వర్డ్ ఉండదు, ముందు అది పెట్టండి. డెబియన్-సిస్-మెయింట్ కూడా ఉండదు, డెబియన్.సీఎన్ఎఫ్‌లోని పాస్‌వర్డ్‌తో దాన్ని తయారుచేసి అన్ని హక్కులూ ఇచ్చి, ఆ తర్వాత డంప్ ఎక్కించండి.

కరెంటు దెబ్బకు డేటానే చెడితే

ఇక్కడ ఓపిక కావాలి. కరెంటు పోయిన తర్వాత సర్వర్ లేచేటప్పుడు ఇన్నోడీబీ రీడూ లాగ్ చదివి తనను తాను సరిచేసుకుంటుంది. పెద్ద డేటాబేస్, పాత హార్డ్ డిస్కు అయితే దీనికి చాలాసేపు పట్టవచ్చు. టెయిల్ -ఎఫ్ తో లాగ్ చూస్తూ ఉండండి. కొత్త లైన్లు వస్తున్నంతసేపూ, డిస్కు లైటు వెలుగుతున్నంతసేపూ చంపకండి. మధ్యలో పవర్ బటన్ నొక్కితే మొదటికొస్తుంది.

తనంతట తాను సరిచేసుకోలేక, పేజ్ కరప్షన్ అని చెప్పి పడిపోతుంటే అప్పుడు ఇన్నోడీబీ_ఫోర్స్_రికవరీ. /ఈటీసీ/మైఎస్‌క్యూఎల్/మైఎస్‌క్యూఎల్.కాన్ఫ్.డీ/మైఎస్‌క్యూఎల్‌డీ.సీఎన్ఎఫ్‌లో [మైఎస్‌క్యూఎల్‌డీ] కింద దీన్ని 1 పెట్టి లేపండి. లేవకపోతే 2, తర్వాత 3. విలువలు 6 దాకా ఉన్నాయి. 4 నుంచి పైవి డేటాను శాశ్వతంగా చెడగొట్టగలవు, కాబట్టి అక్కడికి పోవాలంటే అసలు ఫోల్డర్ మీద కాకుండా కాపీ మీద ప్రయత్నించాలి. ముందు తీసిన టార్ ఇక్కడ ఉపయోగపడుతుంది.

ఈ మోడ్‌లో బిల్లులు కొట్టడం కుదరదు. 1 ఉన్నా సరే ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ ఒప్పుకోదు. ఇది డంప్ తీసుకోవడానికే:

సుడో మైఎస్‌క్యూఎల్‌డంప్ --డేటాబేసెస్ షాపు --సింగిల్-ట్రాన్సాక్షన్ --రొటీన్స్ --ఈవెంట్స్ > షాపు.ఎస్‌క్యూఎల్

ఒక టేబుల్ దగ్గర సర్వర్ పడిపోతుంటే టేబుళ్లు ఒక్కొక్కటిగా తీయండి, చెడినదాన్ని ఆఖరుకు వదలండి. తరచుగా చెడేది ఒకటో రెండో టేబుళ్లు, మిగతావన్నీ బయటికొస్తాయి. యూజర్ల కోసం షో క్రియేట్ యూజర్, షో గ్రాంట్స్ విడిగా రాసిపెట్టుకోండి. తర్వాత పాత ఫోల్డర్ పక్కన పెట్టి, ఫోర్స్ రికవరీ లైను తీసేసి, కొత్త ఫోల్డర్‌లో ఎక్కించండి. ఆ లైను తీయడం మర్చిపోతే ఎక్కించేటప్పుడు మొదటి ఇన్సర్ట్ దగ్గరే ఆగిపోతుంది.

ఐబీడేటా1 డిలీట్ చేస్తే లేస్తుందని ఎవరైనా చెబితే వినకండి.

నిజంగా రీఇన్‌స్టాల్ అవసరమైతే

పైవేవీ కానప్పుడు, లేదా ప్రోగ్రామ్ ఫైళ్లే చెడినప్పుడు. సుడో డీపీకేజీ -వీ మైఎస్‌క్యూఎల్-సర్వర్-కోర్-8.0 (వీ పెద్దక్షరం) కొడితే ప్యాకేజీ ఇచ్చినదానికి తేడా ఉన్న ఫైళ్లు కనిపిస్తాయి. పద్ధతి ఇదీ:

సుడో ఎంవీ /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్ /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్-పాత

ఒకే డిస్కులో పేరు మార్పే కాబట్టి ఎంత పెద్ద డేటా అయినా క్షణంలో అవుతుంది. తర్వాత రిమూవ్ చేయండి, పర్జ్ వద్దు. పర్జ్ తప్పదనుకుంటే మధ్యలో నీలం తెర మీద "రిమూవ్ ఆల్ మైఎస్‌క్యూఎల్ డేటాబేసెస్?" అని అడుగుతుంది. నో అనాలి. ఎంటర్ కొట్టుకుంటూ పోయే అలవాటున్న చేతులతో ఆ తెర దగ్గర జాగ్రత్త. తర్వాత ఫోర్స్-కాన్ఫ్‌మిస్‌తో ఇన్‌స్టాల్ చేయండి, ఖాళీ డేటాబేస్‌తో సర్వర్ లేస్తుంది.

ఖాళీగా లేచిందంటే ప్రోగ్రామ్ బాగుంది, చిక్కు డేటాలో ఉంది. ఖాళీగా కూడా లేవకపోతే డేటాకు సంబంధం లేదు, కాన్ఫిగ్, పర్మిషన్, డిస్కు, మెమరీల్లో వెతకాలి. మొదటి గంటలో అయోమయంగా ఉన్నప్పుడు కూడా ఈ ఒక్క పరీక్ష సగం వెతుకులాట తగ్గిస్తుంది.

ఖాళీ సర్వర్ ఆపి, దాని ఫోల్డర్ పక్కకు జరిపి, పాతదాన్ని తిరిగి దాని పేరుతో పెట్టి, చౌన్ చేసి లేపండి. వెర్షన్ పాతదే గానీ దాని తర్వాతది గానీ ఉండాలి. 8.0.16 నుంచి సిస్టమ్ టేబుళ్ల అప్‌గ్రేడ్ సర్వరే చేసుకుంటుంది, మైఎస్‌క్యూఎల్_అప్‌గ్రేడ్ కొట్టనక్కర్లేదు.

అయ్యాక

సుడో డీపీకేజీ --ఆడిట్ కొడితే ఏమీ రాకూడదు. సుడో మైఎస్‌క్యూఎల్‌చెక్ --ఆల్-డేటాబేసెస్ అన్ని టేబుళ్లకూ ఓకే అనాలి. ఒకసారి మెషీన్ రీబూట్ చేసి తనంతట తాను లేస్తోందో చూడండి, షాపు వాళ్లు రేపు పొద్దున చేసేది అదే కదా.

వ్యాపారం నడిచే వేళ అప్‌డేట్ జరగకుండా, సుడో ఆప్ట్-మార్క్ హోల్డ్ మైఎస్‌క్యూఎల్-సర్వర్-8.0 పెట్టవచ్చు. పెడితే షాపుకు సెలవున్న రోజు చూసుకుని హోల్డ్ తీసి, డంప్ తీసుకుని, అప్‌డేట్ చేసి మళ్ళీ పెట్టే బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి. ఎవరూ లేకపోతే హోల్డ్ వద్దు, సెక్యూరిటీ ప్యాచ్‌లు ఏళ్ల తరబడి ఆగిపోతాయి.

రోజువారీ డంప్‌కు క్రాన్‌లో (వేళకు పనులు నడిపే ప్రోగ్రామ్) రాత్రి 2 గంటలు రాయడం అందరి అలవాటు. షాపుల్లో రాత్రి 9కి మెయిన్ ఆపేసి షట్టర్ దించుతారు, ఆ డంప్ ఎప్పటికీ నడవదు. షాపు మూసే అరగంట ముందు వేళ పెట్టండి. --సింగిల్-ట్రాన్సాక్షన్ ఉంటే ఇన్నోడీబీ టేబుళ్ల మీద బిల్లింగ్ ఆగదు. పాత మైఐఎస్‌ఏఎం టేబుళ్లుంటే వాటికి ఈ ఆప్షన్ పని చేయదు, వాటిని ఇన్నోడీబీకి మార్చుకోండి. ఫైలు సైజు చూసి సరే అనుకోకుండా టెయిల్ -ఎన్ 1 తో డంప్ చివరి లైను చూడండి. "డంప్ కంప్లీటెడ్ ఆన్" అని తేదీతో ఉండాలి. అది లేకపోతే డంప్ మధ్యలో తెగిపోయింది, ఆ ఫైలుతో షాపు లెక్కలు సగమే తిరిగొస్తాయి.